1:96లో మిషన్ శాన్ హోసే: పని ఎంతవరకు వచ్చిందంటే

జనవరి

ప్లైవుడ్ బోర్డు కోయించి తెచ్చాను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అర అంగుళం మందం. గరాజ్‌లో సగం దానికే పోయింది కాబట్టి కారు ఇక బయటే ఉంటుంది. ఈసారి కట్టేది కాలిఫోర్నియా బే ఏరియాలో మా ఫ్రీమాంట్‌లోనే ఉన్న మిషన్ శాన్ హోసే. ఇప్పుడు కనిపిస్తున్నట్టు కాదు, 1820ల చివర్లో మనుషులతో కిటకిటలాడినప్పుడు ఎలా ఉండేదో అలా.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. ఫ్రాన్సిస్కన్ పాద్రీలు స్పెయిన్ రాజు అండతో కాలిఫోర్నియా తీరం పొడవునా 21 మిషన్లు పెట్టారు. మిషన్ అంటే స్థానికుల్ని క్రైస్తవంలోకి మార్చి, అక్కడే ఉంచి పని చేయించుకున్న చర్చి ఊరు. 1769లో శాన్ డియేగోతో మొదలై 1823లో సోనోమాతో ఆగింది ఆ వరస, చివరిది కట్టేసరికి కాలిఫోర్నియా స్పెయిన్ చెయ్యి దాటి మెక్సికో కింద ఉంది. మాది వాటిలో 14వది, 1797 జూన్ 11న ఫాదర్ లసువేన్ దీన్ని ప్రారంభించాడు. అంతకుముందు ఇక్కడ ఓలోనీ అనే స్థానిక జనం ఊరు ఓరోయ్‌సోమ్ ఉండేది. వారాంతం వస్తే మన తెలుగువాళ్ళు ఎంతోమంది మిషన్ పీక్ ఎక్కుతారు కదా, ఆ కొండకి పేరు ఈ మిషన్ వల్లే వచ్చింది. కొండ ఎక్కి దిగి, కింద తెల్లగా కనిపించే చర్చి పక్కనుంచే కారులో ఇంటికి వచ్చేస్తాం. ఒకసారి ఆగి లోపలికి వెళ్ళండి, మ్యూజియం ఉంది.

మా పెద్దవాడు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఇక్కడి బళ్ళలో మిషన్ ప్రాజెక్ట్ అని ఉండేది. ప్రతి పిల్లా ఒక మిషన్ బొమ్మ కట్టి పట్టుకెళ్ళాలి. చక్కెర బిళ్ళలతో కట్టేవాళ్ళు, ఐస్‌క్రీం పుల్లలతో కట్టేవాళ్ళు, మేమైతే షాపులో ఫోమ్ కిట్ కొన్నాం. ఆ కిట్‌లో చర్చి, ఒక గంట, ఒక ఫౌంటెన్, ఒక తాటిచెట్టు, ఒక పాద్రీ బొమ్మ. అంతే. ఆ గోడలు కట్టినవాళ్ళు, ఆ పొలాలు దున్నినవాళ్ళు, ఆ గంట మోగితే లేచి గంట మోగితే పడుకున్నవాళ్ళు వందల్లో ఉండేవాళ్ళు, ఒక్కరు లేరు అందులో. 2016లో కాలిఫోర్నియా విద్యాశాఖ కొత్త పాఠ్య ప్రణాళికలో ఈ చక్కెర బిళ్ళల మిషన్ల వల్ల పిల్లలకి ఆ కాలం అర్థం కాదనీ, అక్కడ బాధలు పడినవాళ్ళని చిన్నచూపు చూసినట్టు అవుతుందనీ చెప్పాక చాలా బళ్ళు మానేశాయి. మంచి పని. కానీ బొమ్మలో తప్పు లేదని నా నమ్మకం. బొమ్మలో ఏం పెట్టాం, ఏం వదిలేశాం అన్నదే విషయం. ఈ ప్రాజెక్టు మొత్తం అందుకే.

స్కేలు సంగతి. అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 1:96. 1809లో పూర్తయిన చర్చి పొడవు సుమారు 126 అడుగులు, వెడల్పు 30 అడుగులు. ఈ స్కేలులో అది పదహారు అంగుళాలకి కాస్త తక్కువ పొడవు, నాలుగంగుళాల లోపు వెడల్పు వస్తుంది. లెక్కేసి చూస్తే బోర్డులో చర్చికి పట్టే జాగా నూటికి నాలుగు వంతులు కూడా లేదు! ఈ లెక్క వేసిన రోజునే ప్లాన్ మొత్తం తేలిపోయింది. మిగతా తొంభై ఆరు వంతుల్లో ఏముండేదో అదే మిషన్.

మిషన్ పీక్ ఎత్తు 2,517 అడుగులు. ఇదే స్కేలులో చెయ్యాలంటే ఇరవై ఆరు అడుగుల కొండ కావాలి. కాబట్టి కొండ పాదం మాత్రం మట్టితో ఎత్తు చేసి, పైది వెనక అట్ట మీద రంగుల్లో వేస్తాను.

ఫిబ్రవరి

కొలతల కోసం వెతుకులాట. ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. 1930లలో అమెరికా ప్రభుత్వం పాత కట్టడాలని కొలిపించి డ్రాయింగులు గీయించింది, దాన్ని హాబ్స్ సర్వే అంటారు. చాలా మిషన్ల డ్రాయింగులు, ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గోడ మందం, తలుపు ఎత్తు, దూలాల మధ్య దూరం అన్నీ అందులో చూసి రాసుకోవచ్చు.

మా మిషన్‌తో ఒక చిక్కుంది. 1868 అక్టోబర్ 21న హేవార్డ్ ఫాల్ట్ (భూమి లోపలి పగులు) కదిలి వచ్చిన భూకంపంలో అసలు చర్చి కూలిపోయింది. ఆ చోట గోథిక్ తరహాలో చెక్క చర్చి ఒకటి కట్టారు, వందేళ్ళకి పైగా అదే ఉంది. తర్వాత దాన్ని శాన్ మాటియోకి తరలించి, 1982 నుంచి 1985 వరకు పాత చర్చిని పాత పునాదుల మీదే మళ్ళీ లేపారు. అంటే ఇవాళ మనం చూసే చర్చి నలభై ఏళ్ళది. పాద్రీలు ఉన్న వసారా ఇల్లు మాత్రం కొంత భాగం అసలుది, ఇప్పటి మ్యూజియం అందులోనే ఉంది. భూకంపానికి ముందు తీసిన పాత ఫోటో ఉండబట్టి సరిపోయింది, చర్చి ముఖం ఎంత సాదాగా ఉండేదో అందులో తెలుస్తుంది. శాంటా బార్బరా మిషన్‌లోలా స్తంభాలు లేవు, కపిస్ట్రానో మిషన్‌లోలా కమాన్లు లేవు. తెల్ల గోడ, ఒక తలుపు, పైన చిన్న కిటికీ, పక్కన పొట్టి గంటల గోపురం. నాకు ఈ సాదాతనమే ఇష్టం. మినియేచర్ కట్టేవాళ్ళకి ఇది కష్టం కూడా, ఎందుకంటే నగిషీ ఉంటే కన్ను దాని మీదకి పోతుంది, ఖాళీ గోడ మీద మాత్రం ఒక్క గీత వంకర పోయినా పట్టిస్తుంది.

సోనోమాలోని ఒక వైనరీ ఆవరణలో 21 మిషన్ల మోడళ్ళున్న మ్యూజియం ఉంది, అదీ వెళ్ళి చూశాం. 1939లో శాన్ ఫ్రాన్సిస్కో ట్రెజర్ ఐలాండ్‌లో జరిగిన ఎక్స్‌పోజిషన్ కోసం చేయించినవి అవి. కిటికీ చెక్కలు, పెంకుల వరసలు, నీడ పడే తీరు, ఒక్కోదాని ముందు కూర్చుని చూడాల్సిన పని. అంతటి నైపుణ్యం నాకు రావాలంటే చాలా ఏళ్ళు పడుతుంది. కానీ నేను వెతికింది జనాన్ని. కట్టడాల పనితనం చూపించడానికి చేసిన మోడళ్ళలో జనం ఉండరు. అది వాటి ఉద్దేశం కాదు, నాది అదే.

ఫిబ్రవరి చివర: మట్టి

గోడలు ఫోమ్ పలక మీద మట్టి పూతతో చేస్తున్నాను. అసలు గోడలు నాలుగైదు అడుగుల మందం, అంటే నా బోర్డు మీద అర అంగుళం పైనే. ఇది ముఖ్యం. చాలా మోడళ్ళలో గోడ పల్చగా ఉండి, తలుపు గోడ మీద అంటించినట్టు కనిపిస్తుంది. పచ్చి ఇటుక ఇంట్లో తలుపు ఎప్పుడూ గుహలో ఉన్నట్టు లోపలికి ఉంటుంది. అర అంగుళం ఫోమ్ తీసుకుని తలుపు కంత కోశాక, ఆ లోపలి నీడే సగం పని చేసేసింది.

మట్టి ఎక్కణ్ణుంచో తేలేదు. పెరట్లోదే. బే ఏరియాలో ఇల్లు కొని మొక్కలు పెట్టిన ప్రతి ఒక్కళ్ళకీ తెలుసు, వానకి జిగురు, ఎండకి రాయి. ఆ మట్టితోనే కదా ఇక్కడివాళ్ళు ఇటుకలు చేసింది. ముందు గాజు సీసాలో కొంచెం మట్టి వేసి, నీళ్ళు పోసి గట్టిగా గిలకరించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నకి ఇసుక అడుగున, ఒండ్రు మధ్యలో, బంకమట్టి పైన పొరలుగా దిగుతాయి. మా పెరటి మట్టిలో బంక పాలు చాలా ఎక్కువ, ఊరికే వాడితే ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది. సన్న ఇసుక కలిపి, టీ వడపోతలో జల్లించి, తెల్ల జిగురు నీళ్ళలో కలిపి తడిపాను. గడ్డి బదులు గోనెసంచి పీచుని కత్తెరతో పొడిలా కత్తిరించి వేశాను. బంక ఎక్కువైతే పగులు, ఇసుక ఎక్కువైతే రాలుడు, అసలు ఇటుకకీ నా బుల్లి ఇటుకకీ సూత్రం ఒక్కటే.

అవును, ఇటుకలు కూడా చేస్తున్నాను, కానీ గోడకి కాదు. సున్నం పూసిన గోడలో ఇటుక కనపడదు. ఇటుకలు కోసే కళ్ళం చూపించాలి. మిషన్ ఇటుక మామూలుగా 22 అంగుళాల పొడవు, 11 వెడల్పు, 4 మందం ఉండేది, ఒక్కోటి ఎత్తాలంటే నడుం పట్టేసేంత బరువు. నా స్కేలులో పొడవు ఆరు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ, వెడల్పు మూడుకి కాస్త తక్కువ, మందం ఒక మిల్లీమీటరు. రెండు స్టీలు స్కేళ్ళు పట్టాల్లా పెట్టి, మధ్యలో మట్టిని ఒక మిల్లీమీటరు మందాన అప్పడాల కర్రతో ఒత్తి, బ్లేడ్ల మధ్య అట్టముక్కలు పెట్టి కట్టిన కట్టతో ఒకే ఊపులో కోస్తే వరసగా వస్తాయి. ఆరాక ట్వీజర్‌తో తీసి, కొన్ని పరిచినట్టు, కొన్ని పక్కకి నిలబెట్టినట్టు అమరుస్తున్నాను, ఎందుకంటే ఒకవైపు ఆరాక నిలబెట్టి రెండోవైపు ఆరనిచ్చేవాళ్ళు. కళ్ళం మూలన మట్టి తొక్కే గుంట. అందులో మోకాళ్ళ దాకా దిగి ఉండే మనుషుల కోసం కాళ్ళ గుర్తులు ఇప్పుడే వేసి పెట్టాను.

ఈ నెలంతా వాన. ఏదీ ఆరదు. డీహ్యూమిడిఫయర్ పెట్టి గరాజ్ తలుపు మూసేస్తే కొంచెం నయం. హెయిర్ డ్రయ్యర్ మాత్రం వద్దు, పైన ఆరి లోపల తడిగా ఉండి పెళ్ళలు లేస్తుంది.

మార్చి: గూన పెంకులు

పైకప్పు ఎలా చేస్తున్నావని చాలామంది అడుగుతున్నారు, అందుకని ఇది కాస్త వివరంగా రాస్తాను.

మిషన్ పెంకు మన గూన పెంకే. ఒక వరస బోర్లా, ఒక వరస వెల్లకిలా. మొదట్లో మిషన్లన్నిటికీ గడ్డి, తుంగ కప్పులే ఉండేవి. శాన్ లూయిస్ ఒబిస్పోలో నిప్పంటించిన బాణాలు వేసి కప్పులు తగలబెట్టాక పాద్రీలు కాల్చిన పెంకులకి మారారు. ఈ పెంకుల్ని ఓలోనీ ఆడవాళ్ళు తొడల మీద ఒత్తి చేశారని ఇప్పటికీ కొందరు టూర్ గైడ్లు చెప్తారు. నమ్మకండి. చెక్క అచ్చుల మీద వేసి చేసేవాళ్ళు.

మందం తక్కువున్న కారుగేటెడ్ అట్ట తీసుకోండి, చిన్న ఎలక్ట్రానిక్స్ వస్తువుల పెట్టెలకి వాడేది. పెద్ద పార్సెల్ పెట్టెలది గాళ్ళు మరీ వెడల్పు, పనికిరాదు. సన్న అట్టలో ఒక గాడి నుంచి ఇంకో గాడికి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది, 1:96కి అది సరిగ్గా ఒక పెంకుల వరస. పై కాగితం మీద తడిగుడ్డ పెట్టి పది నిమిషాలాగి నెమ్మదిగా ఒలిస్తే గాళ్ళు బయటపడతాయి. ఒలిచేటప్పుడు గాడి పొడవునా లాగాలి, అడ్డంగా లాగితే చితికిపోతుంది. పూర్తిగా ఆరాక మొద్దు కత్తి వెనకవైపుతో ఐదు మిల్లీమీటర్లకొకటి చొప్పున అడ్డగీతలు నొక్కాలి. అయితే ఒక గాడి మీద వేసిన గీత పక్క గాడి మీద అదే చోట పడకూడదు, కాస్త పైకీ కిందకీ జరగాలి. అక్కడే చేతిపని అనిపిస్తుంది. చూరు చివర మాత్రం విడి పెంకులు కావాలి, లేకపోతే అట్ట అంచు కనపడిపోతుంది. పల్చటి కాగితాన్ని అల్లిక సూది మీద చుట్టి, జిగురు రాసి ఆరబెట్టి, నిలువునా చీల్చి, ముక్కలు కోసి ఒక్కొక్కటీ అంటిస్తున్నాను.

రంగు ఒకటే వేస్తే ప్లాస్టిక్‌లా ఉంటుంది. బట్టీలో ఏ పెంకు ఎక్కడ ఉందో దాన్నిబట్టి రంగు మారుతుంది. ముందు అంతటా పల్చగా ఇటుక రంగు, ఆరాక సన్న కుంచెతో అక్కడక్కడ ఒక్కో పెంకు ముదురుగా, ఒక్కో పెంకు నారింజకి దగ్గరగా, ఉత్తరం వైపు కప్పు మీద పాచి కోసం చిటికెడు ఆకుపచ్చ. పైకప్పు మొత్తాన్ని ఊడదీసేలా పెట్టాను. లోపల చర్చి హాలు చెయ్యట్లేదు, కానీ వసారా ఇంటి దూలాలు మాత్రం వేశాను, పైన పచ్చితోలు పట్టీల బదులు మైనం పట్టిన దారంతో కట్టాను. అప్పట్లో మేకులు అపురూపం, దూలాల్ని తోలు పట్టీలతో బిగించేవాళ్ళు. తడి తోలు ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. మైనం దారం బిగుసుకోదు కానీ చూడ్డానికి అలాగే ఉంది.

మార్చి చివర: సున్నం

తెల్ల పెయింట్ వేస్తే పనైపోయేది, కానీ మనసొప్పలేదు. నానిన సున్నం డబ్బా ఒకటి తెప్పించి నీళ్ళలో పాలలా పల్చగా కలిపాను. గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోకండి, పిల్లల్ని ఆ రోజు గరాజ్‌లోకి రానివ్వకండి.

మిషన్లలో సున్నంలో నాగజెముడు రసం కలిపేవాళ్ళు. మన దగ్గర పాత కోటలకి, గుళ్ళకి కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపిన సున్నం వాడినట్టే ఇదీ పట్టు కోసమే. నాగజెముడు ఇక్కడ మెక్సికన్ కొట్లలో కూరల మధ్యే దొరుకుతుంది. ముళ్ళు తీసిన రెండు ఆకుల్ని ముక్కలు కోసి రాత్రంతా నానబెడితే నీళ్ళు బెండకాయ జిగురులా సాగుతాయి. వడకట్టి సున్నంలో కలిపి టెస్ట్ ముక్కల మీద వేశాను. ఒకటి ఉత్త సున్నం, ఒకటి రసం కలిపింది. ఆరాక వేలితో రాస్తే ఉత్తది తెల్లగా చేతికి అంటుకుంది, రసం కలిపింది అంటలేదు. ఆ రెండు ముక్కల ఫోటో చూసి మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి వచ్చి తనే వేలితో రుద్ది చూసింది.

ఒక్క పూత మందంగా వెయ్యడం కన్నా నాలుగైదు పూతలు పల్చగా వెయ్యడం మేలు. వేసేటప్పుడు నీళ్ళలా ఉండి ఏమీ కప్పట్లేదని టెన్షన్ వస్తుంది, కంగారు పడొద్దు, సున్నం ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారడమే అది గట్టిపడే పద్ధతి, అందుకే మధ్యమధ్యలో నీళ్ళు సన్నగా స్ప్రే చేస్తూ ఉండాలి. ఇలా వేసిన గోడ మీద వెలుతురు పడితే వచ్చే మెత్తదనం ఏ పెయింటూ ఇవ్వదు. గోడ అడుగున వాన చినుకులకి చిందిన బురద మరక కూడా వేశాను, పాత గోడకి అది లేకపోతే నిన్న కట్టినట్టుంటుంది.

ఏప్రిల్: చర్చి కాని తొంభై ఆరు వంతులు

ఇప్పుడు అసలు పని.

1820లు వచ్చేసరికి ఇక్కడున్నది ఓలోనీలే కాదు. చుట్టుపక్కల ఓలోనీ ఊళ్ళు ఖాళీ అయ్యాక, తూర్పున లోయల్లోంచి మీవోక్, యోకుట్స్ తెగలవాళ్ళని తెచ్చారు, కొందరు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఒక్కసారి బాప్టిజం అయ్యాక వెళ్ళిపోతానంటే కుదరదు. పారిపోతే సిపాయిలు వెతికి పట్టుకొచ్చేవాళ్ళు, కొరడా దెబ్బలుండేవి. 1806లో తట్టు వచ్చి బే ఏరియా మిషన్లలో ఎంతోమందిని తీసుకుపోయింది. 1830ల మొదట్లో ఇక్కడి జనాభా 1,800 దాటింది, ఉత్తర మిషన్లలో ఇంత పెద్దది లేదు. ఇంతమంది ఒక్క చోట పుట్టి పెరిగిన సంఖ్య కాదది, పోయినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని తెస్తూ నిలబెట్టిన సంఖ్య.

అందుకే చర్చి వెనక, పక్కన ఇళ్ళకి బోర్డులో అన్నిటికంటే పెద్ద జాగా ఇచ్చాను. పెళ్ళయిన కుటుంబాలకి పచ్చి ఇటుక గదుల వరసలు, వాటి పక్కనే తుంగ ఇళ్ళు. తుంగ ఇల్లంటే వంచిన కొమ్మల చట్రం మీద తుంగ కట్టలు కట్టిన గుండ్రటి గుడిసె. చట్రానికి సన్న రాగి తీగ, తుంగకి గోనె పీచు. పీచుని దువ్వెనతో దువ్వి, పల్చటి జిగురులో ముంచి, కట్టలు కట్టి కింద నుంచి పైకి వరసలుగా చుట్టాలి. పై వరస కింది వరస మీద పడేలా వేస్తేనే వాన నీరు జారుతుంది, మోడల్‌లో వాన పడదు కానీ అలా వేస్తేనే అది తుంగ ఇల్లులా కనిపిస్తుంది. పైన పొగ పోయే కంత. ఒక్కో ఇంటికి ఒక సాయంత్రం పడుతోంది. నాకు ఈ పని చర్చి కన్నా నచ్చింది.

నాలుగు కట్టడాల చతురస్రం లోపల పెళ్ళికాని ఆడపిల్లల గది ఉంది. మిషన్లలో ఏడెనిమిదేళ్ళు వచ్చిన ఆడపిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసి ఒక గదిలో ఉంచి రాత్రి తాళం వేసేవాళ్ళు. ఆ గదికి కిటికీ పైన ఎత్తులో, చిన్నగా పెట్టాను. తలుపు గడియ బయటి వైపు. గుండుసూది ముక్కతో చేసిన గడియ, మూడు మిల్లీమీటర్లు. ఎవరూ అడగకపోతే కనపడదు. అడిగినవాళ్ళకి చూపించడానికి చిన్న భూతద్దం బోర్డుకే గొలుసుతో కట్టి పెడతాను.

స్మశానం గురించి చాలా ఆలోచించాను. వాషింగ్టన్ బులవార్డ్ మీద ఓలోనీ స్మశానం ఉంది, మిషన్ నుంచి సుమారు మైలు దూరం. అక్కడి రాయి మీద నాలుగు వేలమంది ఓలోనీలు ఇక్కడ నిద్రిస్తున్నారని చెక్కి ఉంది. మైలుని నా స్కేలులోకి మారిస్తే 55 అడుగులు. బోర్డు మీద పట్టదు. బోర్డు అంచు నుంచి అటువైపు దారి వేసి, ఆ దారి అంచు దగ్గర పలక పెడుతున్నాను, ఇక్కణ్ణుంచి 55 అడుగులు ఆ దిక్కుగా నడవండి అని. మా గరాజ్‌లో అయితే అది వీధి దాటి ఎదురింటి పచ్చిక దాకా వెళ్తుంది. రేపు ఏ లైబ్రరీ హాల్లో పెట్టినా అక్కడా 55 అడుగులు కొలిచి నేల మీద టేపు అంటిస్తాను.

మే: మనుషులు

ఐదడుగుల ఆరంగుళాల మనిషి నా బోర్డు మీద పదిహేడు మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటాడు. రెడీమేడ్ రైల్వే మోడల్ బొమ్మలు దొరుకుతాయి కానీ అవన్నీ కోట్లు, టోపీలు పెట్టుకున్న ప్రయాణికులు. కాబట్టి చేతితోనే.

మా అత్తయ్యగారిది ఇబ్రహీంపట్నం, కొండపల్లి పక్కనే. బొమ్మల కాలనీలో పని చూస్తూ పెరిగిన మనిషి. కొండపల్లి బొమ్మకి చేతులు, తలపాగాలు అతకడానికి వాడే మక్కు ఉంది కదా, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపింది, అది ఇంత చిన్న బొమ్మలకి పనికొస్తుందా అని వీడియో కాల్‌లో అడిగాను.

"చింతగింజలు ఊరికే దంచాలా అత్తయ్యా, వేయించాలా?"

"వేయించి పైపొట్టు తియ్యమ్మా. నానబెట్టి మెత్తగా రుబ్బి ఉడికించు, అప్పుడు పడుతుంది జిగురు. పొట్టు మాత్రం బట్టలో జల్లించు, నలుసు ఉందంటే ముక్కు చెయ్యబోతే చెవి వస్తుంది."

"ఇక్కడ పొణికి చెక్క దొరకదు."

"చెక్కెందుకు ఇంత బొమ్మకి? తీగ మీద మక్కు పెట్టు. నీడన ఆరబెట్టు, ఎండలో పెట్టకు."

రాగి తీగని మనిషి ఆకారంలో వంచి, మక్కు పెట్టి, ఆరాక సూది ఆకురాయితో రాసి, సుద్ద పూసి రంగులు వేస్తున్నాను. మక్కు గొప్ప పదార్థం! ఎపాక్సీ పుట్టీలా వాసన లేదు, చేతికి అంటుకోదు, తడి వేలితో నున్న చెయ్యొచ్చు.

ఎవరెలా ఉండేవారో ఊహించి వెయ్యలేదు. 1806లో రష్యన్ ఓడలో వచ్చిన లాంగ్స్‌డార్ఫ్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త ఇదే మిషన్‌కి వచ్చి, ఇక్కడివాళ్ళు ఒంటికి రంగులు పూసుకుని నాట్యం చెయ్యడం చూసి బొమ్మ గీశాడు. 1816లో లూయీ షోరిస్ అనే చిత్రకారుడు శాన్ ఫ్రాన్సిస్కో మిషన్ దగ్గర వేసిన బొమ్మల్లో ఈకల తలపాగాలు, తుంగ పడవ కూడా ఉన్నాయి. ఆ రెండింటినీ పెద్దవి చేసి గోడకి అంటించుకున్నాను. నాట్యం చేసేవాళ్ళ ఒంటి మీద గీతలు వెయ్యడానికి కుంచె వెంట్రుకలన్నీ తీసేసి రెండు మూడు మాత్రం ఉంచాను.

ఇంకో గుంపు వాయిద్యాల వాళ్ళు. ఫాదర్ నార్సిసో దురాన్ 1806లో ఇక్కడికి వచ్చి పాతికేళ్ళకి పైగా ఉన్నాడు. స్థానికులకి పాట, వయొలిన్, ఫ్లూట్ నేర్పి ముప్ఫై మంది దాకా ఉన్న బృందం తయారుచేశాడు, గొంతులు కలవడానికి ఒక్కో గొంతు స్వరాల్ని ఒక్కో రంగులో రాశాడు. వాళ్ళ సంగీతం వినడానికి దూరం నుంచి వచ్చేవాళ్ళు. ఇదే దురాన్ పారిపోయినవాళ్ళని వెనక్కి తేవడానికి సిపాయిల్ని పంపమని అడిగినవాడు కూడా. రెండూ నిజమే, బోర్డు మీద రెండూ ఉంటాయి. చర్చి ముందు వాయిద్యాలు, దారి మీద గుర్రాల మీద ఇద్దరు సిపాయిలు.

నేను అన్నిటికంటే ఎక్కువసేపు పట్టుకు కూర్చున్న బొమ్మ చేతిలో కర్రతో నిలబడ్డ ఒక మనిషి. మిషన్‌లో ఉన్న స్థానికుల్లోంచి కొందరిని అల్కాల్డేలుగా, అంటే తోటివాళ్ళ మీద పెద్దలుగా ఎన్నుకునేవాళ్ళు, వాళ్ళ అధికారానికి గుర్తు ఆ చేతికర్ర. ఎస్టానిస్లావో అనే యోకుట్స్ మనిషి ఇక్కడ అల్కాల్డేగా ఉన్నాడు. 1820ల చివర్లో మిషన్ వదిలి వెళ్ళి, తిరిగి రానని చెప్పి, వందలమందిని కూడగట్టి, మీదకొచ్చిన సైన్యాన్ని వెనక్కి తరిమాడు. 1829లో మెక్సికో సైనికాధికారి మరియానో వయెహో ఫిరంగితో వెళ్ళాక గానీ ఆ తిరుగుబాటు అణగలేదు. చివరికి అతను దురాన్ దగ్గరికే వచ్చాడు, దురాన్ గవర్నర్ దగ్గర క్షమాభిక్ష ఇప్పించాడు. సెంట్రల్ వ్యాలీలో పారే స్టానిస్లాస్ నది పేరు అతనిదే. యోసెమిటీకి వెళ్ళేటప్పుడు ఎన్నిసార్లు ఆ బోర్డు చదివామో, ఆ పేరు ఇక్కడి మనిషిదని ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాకే తెలిసింది. బొమ్మకి పేరు పలక పెట్టట్లేదు. చర్చికి వీపు పెట్టి తూర్పు కొండల వైపు చూస్తున్నట్టు నిలబెట్టాను. కర్ర పాత గిటార్ తీగ ముక్క.

జూన్: ఇప్పటికి ఎక్కడున్నాం

చర్చి, వసారా ఇల్లు పూర్తి. చతురస్రంలో రెండు వైపులు పైకప్పుతో సహా అయ్యాయి, మూడో వైపుకి సున్నం రెండో పూత మీద ఉంది. తుంగ ఇళ్ళు ఇంకా కావాలి. గంటలు నాలుగూ ఇత్తడి పూసల్ని రాసి చేసి వేలాడదీశాను. మధ్య పెరట్లో జావ వండే పెద్ద కడాయి పెట్టాను. పొద్దున సాయంత్రం జావ, మధ్యాహ్నం గింజలు, మాంసం వేసి ఉడికించిన పొసోలె, అదీ వాళ్ళ తిండి. కడాయి చుట్టూ క్యూలో నిలబడే ఆడవాళ్ళు, పిల్లల బొమ్మలు ఆరుతున్నాయి.

బోర్డు పక్కన పెట్టబోయే రాతలో ఒకటి తప్పకుండా ఉంటుంది. 1830ల్లో మెక్సికో ప్రభుత్వం మిషన్లని రద్దు చేసినప్పుడు భూమిలో సగం స్థానికులకి ఇస్తామన్నారు, దాదాపు ఏదీ వాళ్ళకి దక్కలేదు, పెద్ద రాంచోలుగా (పశువుల ఎస్టేట్లుగా) వేరేవాళ్ళ చేతుల్లోకి పోయింది. ఓలోనీలు ఇప్పటికీ బే ఏరియాలో ఉన్నారు. మువెక్మా ఓలోనీ తెగ ఫెడరల్ గుర్తింపు కోసం ఇవాళ్టికీ పోరాడుతోంది. బొమ్మ చూసి వెళ్ళేవాళ్ళు వాళ్ళని గడిచిపోయిన జనం అనుకోకూడదు.

వచ్చే వారం తోళ్ళ పని మొదలుపెడతాను. మిషన్ ఆదాయమంతా పశువుల తోళ్ళు, కొవ్వు మీదే, బోస్టన్ నుంచి వచ్చిన ఓడలు వాటినే కొనుక్కెళ్ళేవి. తోలు ఆరబెట్టే గుంజలు, ఊనబెట్టే తొట్టెలు, కొవ్వు కరిగించే పొయ్యి కావాలి. ఒక ఆవుతోలు నా స్కేలులో రెండు సెంటీమీటర్ల పొడవుంటుంది. వాడేసిన టీ బ్యాగ్ కాగితం తడిపి లాగి గుంజలకి కట్టి చూశాను, ఆరాక అంచులు ముడతలు పడి చక్కగా తోలులాగే వచ్చింది. ఇంట్లో అందరికీ చెప్పాను, టీ బ్యాగులు ఎవరూ పారెయ్యొద్దని.